బతుకమ్మ బొమ్మ టీ షర్టు మీదికి వచ్చిన తొవ్వ

మా సంఘం ఈ ఏడు ఎన్ని బతుకమ్మ టీ షర్టులు అచ్చు వేసింది, ఎంత మిగిలింది అన్న లెక్క ఈ పుస్తకంలోనే ఆదాయ వ్యయాల పట్టికలో ఉంది. మళ్లీ రాయను. నన్ను రాయమన్నది ఈ పని చరిత్ర. ఎందుకు రాయమన్నరంటే, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక మాట తేలాలి. ఇప్పుడున్న స్క్రీన్లతోనే చేతి అచ్చు నడుపుదామా, లేక అప్పు తీసుకొని ఫిల్మ్ మీద బొమ్మ వేసే కొత్త మిషన్ కొందామా? చిన్నపిల్లలు మిషన్ అంటున్నరు. పెద్దోళ్లు వద్దంటున్నరు. రెండు దిక్కుల మాట్లాడేటోళ్లకు ఈ పని ఎక్కడ పుట్టి ఎట్ల మన దాకా వచ్చిందో తెలిస్తే వాదన కొంచెం సక్కగ నడుస్తదని అధ్యక్షురాలు అన్నది. నేను చదివింది పదో తరగతి. శిక్షణలో చెప్పినవి, లైబ్రరీల దొరికిన పుస్తకాలు చదివినవి, చేతులకు రంగు అంటించుకొని తెలుసుకున్నవి కలిపి రాస్తున్న.

స్క్రీన్ ప్రింటింగ్ అంటే కొత్త విద్య అనుకుంటరు గానీ దాని మూలం మన వాకిట్లనే ఉన్నది. సంక్రాంతికి జాతరల అమ్మే ముగ్గు జల్లెడ అందరం చూసినం. రేకుకు పువ్వు ఆకారంల బొక్కలు ఉంటయి. ముగ్గు పోసి చేత్తో రాస్తే బొక్క ఉన్న కాడ ముగ్గు పడుతది, లేని కాడ పడదు. స్క్రీన్ అచ్చు కూడా అంతే. రేకుకు బదులు సన్నటి గుడ్డ, ముగ్గుకు బదులు రంగు, చేతికి బదులు రబ్బరు పట్టీ ఉన్న చెక్క. ఆ చెక్కను స్క్వీజీ అంటరు. చట్రానికి బిగించే గుడ్డను ఇప్పటికీ షాపుల బోల్టింగ్ క్లాత్ అనే అడగాలె. పిండి మిల్లుల్లో పిండి జల్లించడానికి నేసిన పట్టు గుడ్డకు ఉన్న పేరు అది. పట్టు పోయి పాలిస్టర్ వచ్చింది, పేరు మాత్రం పిండి జల్లెడదే మిగిలింది.

ఇగ గుడ్డ మీద బొమ్మ వేసే పనిల మన దేశం ఎవ్వరికన్నా ఎనక లేదు. ఈజిప్టు దేశంల ఫుస్తాత్ అనే పాత ఊరి తవ్వకాల్లో వందల ఏండ్ల కిందటి గుజరాత్ అద్దకం గుడ్డ ముక్కలు దొరికినయి. మన తెలుగు నేల మీద మచిలీపట్నం, పెడన అద్దకాలు, శ్రీకాళహస్తి కలంకారీ ఉన్నయి. కలం అంటే పారసీ భాషల రాసే కలమే, కారీ అంటే పని. శ్రీకాళహస్తిల కలంతోనే గీస్తరు, పెడన దిక్కు టేకు చెక్క అచ్చులు వాడుతరు. మచిలీపట్నం గోల్కొండ సుల్తానులకు రేవు పట్టణం. అక్కడి నుంచి అద్దకం బట్టలు పర్షియాకు, తూర్పు దీవులకు ఓడల్లో పోయేవి. 1611 సంవత్సరంల ఇంగ్లీషు కంపెనీ ఓడ మచిలీపట్నం వచ్చిందంటే మన బట్ట కోసమే వచ్చింది.

ఆ పని విధానం ఒక్కసారి చెప్పుకోవాలె. ఇప్పటి డబ్బా రంగులు వాడేటోళ్లకు అది వింటే ఓపిక అంటే ఏందో తెలుస్తది. ముందుగ నూలు గుడ్డను కరక్కాయ పొడి, బర్రె పాలు కలిపిన నీళ్లల్ల నానబెట్టి ఎండేస్తరు. పాలల్ల కొవ్వు ఉంటది కాబట్టి రంగు పక్కకు పాకదు. నల్ల రంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లల్ల వేసి రోజుల తరబడి మురగబెడుతరు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డ మీద తగిలితే నల్లగ మారుతది. ఎరుపు ఇంకా చిత్రం. ఎరుపు కావాలన్న కాడ పటిక నీళ్లు అద్దుతరు. అప్పుడు రంగే కనబడదు. తర్వాత గుడ్డ మొత్తం చిరువేరు వేసిన నీళ్లల్ల ఉడకబెడితే పటిక ఉన్న కాడనే ఎరుపు పట్టుకుంటది, మిగిలింది పారే నీళ్లల్ల ఉతికితే పోతది. రంగు గుడ్డ మీద కూసోవడం కాదు, గుడ్డ లోపలికి పోవడం. అందుకే ఎన్ని ఉతుకులకైనా పోయేది కాదు. యూరప్ వాళ్లు దీన్నే చూసి ఆశ్చర్యపోయిన్రు.

ఆశ్చర్యం కాస్త కోపం అయింది. మన బట్టలు వాళ్ల నేతగాళ్ల కడుపు కొడుతున్నయని ఫ్రాన్సు ప్రభుత్వం 1686ల అద్దకం బట్టల మీద నిషేధం పెట్టింది. అది 1759 దాకా నడిచింది. ఇంగ్లండ్ 1721ల ఇంకో చట్టం తెచ్చి అద్దకం నూలు బట్టలు కట్టుకోవద్దన్నది. ఆ తర్వాత వాళ్లే యంత్రాలు చేసుకున్నరు. 1783ల థామస్ బెల్ అనే ఆయన రాగి రోలర్ మీద బొమ్మ చెక్కి, గుడ్డ దాని కింది నుంచి పోతుంటే ఆపకుండా అచ్చు పడే యంత్రానికి పేటెంట్ తీసుకున్నడు. ఇగ చెక్క అచ్చు పట్టుకొని ఒక్కొక్కటి కొట్టేటోడు ఆ వేగాన్ని ఎట్ల అందుకుంటడు? మాంచెస్టర్ దిక్కు మిల్లు బట్ట మన సంతల్లోకి దిగింది. మన అద్దకపు పని సన్నబడుకుంట వచ్చింది.

స్టెన్సిల్ సంగతికి వస్తే జపాన్ వాళ్ల పేరు చెప్పుకోవాలె. వాళ్లు మల్బరీ కాగితాలను పొరలు పొరలుగ అతికించి, పెర్సిమన్ అనే పండు రసం పట్టించి గట్టి చేసేవాళ్లు. దాని మీద సన్నటి కత్తులతో పువ్వులు, అలలు కోసేవాళ్లు. దాన్ని కటగామి అంటరు. అయితే స్టెన్సిల్‌ల ఒక చిక్కు ఉన్నది. పువ్వు నడుమ బొట్టు కావాలంటే ఆ బొట్టు దేనికి పట్టుకొని ఉండాలె? చుట్టూ కోస్తే ఊడి కింద పడుతది. మన ముగ్గు జల్లెడల కూడా ప్రతి రేకు పక్క రేకుకు సన్నటి వంతెనతోటి అతుక్కొని ఉండేది అందుకే. జపాన్ వాళ్లు ఏం చేసిన్రంటే ఆ విడి ముక్కలను పట్టు దారాలతోటి చుట్టూతా పట్టి ఉంచిన్రు. దారం సన్నగ ఉంటది కాబట్టి రంగు దాని కింది నుంచి కలిసిపోతది, గీత కనబడదు.

ఆ దారాల స్థానంల మొత్తం పట్టు గుడ్డనే బిగిస్తే అయిపాయె. 1907ల మాంచెస్టర్‌ల శామ్యూల్ సైమన్ అనే ఆయన పట్టు గుడ్డను ఆధారం చేసుకొని స్టెన్సిల్ అచ్చు వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. మన అద్దకానికి పోటీ వచ్చిన ఊరి నుంచే మన సంఘానికి బువ్వ పెడుతున్న పని వచ్చింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అట్లనే కూసున్న.

తర్వాతి మెట్టు ఎలుతురు. జెలటిన్‌ల డైక్రోమేట్ అనే మందు కలిపి ఎండ తగిలిస్తే గట్టిపడుతదని, నీడ ఉన్న కాడ మెత్తగ ఉండి నీళ్లకు కడుక్కపోతదని 1850ల కాలంలనే కనిపెట్టిన్రు. దాన్ని పట్టు గుడ్డకు పూసి స్టెన్సిల్ చేసుకోవడం 1910ల నుంచి అమెరికాల మొదలైంది. అప్పటి సంది కత్తితో కోసే పని తగ్గింది. ఏ బొమ్మైనా, ఏ అక్షరమైనా నల్లగ కాగితం మీద వస్తే చాలు, స్క్రీన్ మీదికి ఎక్కుతది. మనం చేసేది కూడా ఇదే. ఒక్క మాట అక్కలారా, డైక్రోమేట్ మంచి మందు కాదు. చేతులకు పుండ్లు పడుతయి. డయాజో అనే వేరే మందు దొరుకుతది, ధర కొంచెం ఎక్కువ. మా సంఘంల అదే వాడుతున్నం, గ్లౌజులు లేకుండ ఎవ్వరినీ ముట్టనియ్యం.

ఇగ టీ షర్టు. చేతులు చాపి పరిస్తే ఇంగ్లీషు టీ అక్షరం లెక్క ఉంటది కాబట్టి ఆ పేరు. అది మొదట్ల లోపలి బనియనే. 1913ల అమెరికా నౌకా దళం తన సైనికులకు లోపల వేసుకోవడానికి ఇచ్చింది. పై బట్టగ దాని మీద అక్షరాలు వేసుకొని తిరగడం రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. 1942 జూలైల లైఫ్ అనే పత్రిక అట్టమీద, విమాన దళం శిక్షణ బడి పేరు అచ్చు వేసిన బనియన్ తొడుక్కున్న సైనికుని ఫొటో వచ్చింది. 1948ల అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డ్యూయీ అనే అభ్యర్థి కోసం నినాదం అచ్చు వేసిన షర్టులు పంచిన్రు, ఒకటి అక్కడి మ్యూజియంల ఉన్నది. అంటే ముందు సైన్యం, తర్వాత ఓట్లు. పండుగలు ఆ తర్వాత వచ్చినయి. మన దిక్కు కూడా ముందు పార్టీల షర్టులు, తర్వాత వినాయక చవితికి యూత్ పిల్లల షర్టులు. ఆడోళ్ల పండుగ అన్నిటికన్న ఎనక వచ్చింది. ఎందుకనేది వేరే చెప్పాల్నా?

1960లల్ల రెండు మార్పులు ఈ పనిని పెద్దగ చేసినయి. మైకేల్ వసిలాంటోన్ అనే అమెరికా కళాకారుడు గుండ్రంగ తిరిగే మిషన్ తయారు చేసిండు. నాలుగు రంగులకు నాలుగు స్క్రీన్లు నాలుగు చేతుల మీద ఉంటయి, తిప్పుకుంట ఒక్కో రంగు అదే చోట పడేటట్టు వేయొచ్చు. మన శిక్షణ కేంద్రంల ఉన్న నాలుగు చేతుల మిషన్ దాని మనుమరాలే అనుకోండ్రి. రెండోది ప్లాస్టిసోల్ అనే రంగు. ప్లాస్టిక్ కలిసిన రంగు కాబట్టి స్క్రీన్ మీద ఎంతసేపు ఉన్నా ఎండిపోదు, 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే గట్టిపడుతది. పని తేలిక. కానీ చిరువేరు రంగు లెక్క గుడ్డ లోపలికి పోదు, పైన పొర లెక్క కూసుంటది. ఆ షర్టును వేడి ఇస్త్రీపెట్టెతో బొమ్మ మీద రుద్దితే కరుగుతది. కాలిస్తే మంచి పొగ రాదు. అందుకే లేత రంగు బట్టకు మేము నీళ్లల్ల కలిసే పిగ్మెంట్, బైండర్ వాడుతున్నం. ముదురు బట్టకు మాత్రం ముందు తెలుపు వేయకుంటే ఏ రంగూ తేలదు.

తెలుగు ఊర్లల్ల స్క్రీన్ ప్రింటింగ్ బట్టల కన్న ముందు పెండ్లి కార్డుల పని. లగ్న పత్రికలు, విజిటింగ్ కార్డులు, బండ్ల మీద స్టిక్కర్లు, దుకాణాల గుడ్డ సంచులు, ఓట్లప్పుడు జెండాలు అన్నీ చిన్న గదిల, చెక్క చట్రాలతోటి నడిచేవి. ఫ్లెక్సీ మిషన్లు వచ్చినంక గుడ్డ బ్యానర్లు రాసే ఆర్టిస్టులు, అచ్చు వేసే గదులు చాలా మూతబడ్డయి. మా మండలంల కూడా అట్ల చేతి పని ఇడిచి వేరే పని చూసుకున్నోళ్లు ఉన్నరు. టీ షర్టుల గుడ్డ మాత్రం ఎక్కువగ తమిళనాడు తిరుప్పూర్ నుంచి వస్తది. దేశంల అల్లిక బట్టకు అది పెద్ద ఊరు. మనకు సిరిసిల్ల ఉన్నది, 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు అక్కడి మరమగ్గాల మీదనే నేసిన్రు. కానీ టీ షర్టు గుడ్డ నేసేది కాదు, అల్లేది. అందుకే సిరిసిల్ల ఎంత దగ్గరున్నా మా సరుకు తిరుప్పూర్‌దే.

బతుకమ్మకు అంత పెద్ద చరిత్ర ఉన్నా షర్టు మీదికి రావడం నిన్న మొన్నటి మాట. 2014ల తెలంగాణ వచ్చినంక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. కాలేజీలల్ల, ఆఫీసులల్ల ఆడుడు పెరిగింది. దూర దేశాలల్ల ఉన్న మనోళ్లు కూడా ఆడుతున్నరు. అందరూ ఒక్క తీరు బట్ట కావాలని అడుగుడు అట్ల మొదలైంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, మా అసలు పని మాత్రం అమావాస్యకు నెల రోజుల ముందే.

బొమ్మ గీసుడే అన్నిటికన్న పెద్ద పని అని ఈ రెండేండ్లల్ల తెలిసింది. డీటీపీ షాపుల దొరికే తయారు బొమ్మలల్ల బతుకమ్మ కేకు లెక్క ఉంటది. మీద తామర పువ్వు, చుట్టూ గులాబీలు. మా సంఘంల పెద్దమ్మ ఒకామె చూసి "ఇది ఎవరి బతుకమ్మ?" అన్నది. ఆమెనే కూసోబెట్టి అడిగినం. కింద తాంబాళంల గుమ్మడి ఆకు, మీద తంగేడు వరుస, గునుగు వరుస, బంతి, కట్ల, మళ్లీ గునుగు, పోంగ పోంగ సన్నబడాలె. శిఖరాన గుమ్మడి పువ్వు, అండ్ల పసుపు గౌరమ్మ. ఆమె చెప్తుంటే మా పిల్ల ఒకామె పెన్సిల్‌తో గీసింది. నాలుగు రంగులకు లోబడాలె అన్నది మా షరతు. ఎందుకంటే ఒక రంగుకు ఒక స్క్రీన్. పసుపు తంగేడుకు, గౌరమ్మకు. నారింజ బంతికి. గులాబి గునుగుకు. ఆకుపచ్చ ఆకులకు, అక్షరాలకు. తెల్ల షర్టు తీసుకుంటే తెలుపు స్క్రీన్ ఖర్చు తప్పుతది, గునుగు మొదలు దగ్గర గుడ్డ తెలుపే పనికొస్తది. గునుగు పువ్వు తెల్లగ ఉంటే ఇండ్లల్ల మనమే రంగుల ముంచి గులాబి, నీలం చేస్తం కదా. ఆ రంగు అద్దుడు తెలిసినోళ్లకు ఈ పని పరాయిది కాదు.

ఇంకో రెండు సంగతులు కొత్తగ నేర్చుకునేటోళ్ల కోసం. చెక్క అచ్చు మీద అక్షరం అద్దంల చూసినట్టు తిరగేసి చెక్కాలె, స్క్రీన్‌కు ఆ బాధ లేదు, ఎట్ల ఉన్నది అట్లనే. కానీ తెలుగు అక్షరంల ఒత్తులతోటి జాగ్రత్త. "బతుకమ్మ"ల కింది మ ఒత్తు సన్నగ ఉంటే దాని గుండ్రాల్లో రంగు నిండి చుక్క లెక్క కనబడుతది. అక్షరం లావు చేయాలె, లేదా సన్నటి మెష్ తీసుకోవాలె. అను ఫాంట్ల రాయించిన మాటను వేరే కంప్యూటర్ల తెరిస్తే పిచ్చి గీతలు వస్తయి కాబట్టి షాపు నుంచి బొమ్మ రూపంలనే తెచ్చుకోండ్రి. భాద్రపదంల మబ్బులు ఉంటయి. ఎండకు స్క్రీన్ పెడితే ఒకనాడు తొందరగ కాలుతది, ఒకనాడు అసలే కాలదు. చెక్క పెట్టెల ట్యూబు లైట్లు బిగించుకుంటే ఏ రోజైనా ఒక్కటే లెక్క.

ఇప్పుడు మిషన్ మాట. ఫిల్మ్ మీద రంగులు, వాటి మీద తెలుపు ముద్రించి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్‌తోటి షర్టుకు అతికించే పద్ధతి ఇది. ఎన్ని రంగులైనా ఒకటే ఖర్చు, ఫొటో కూడా పడుతది. లెక్క చూద్దాం. ఒక స్క్రీన్ తయారీకి 500 రూపాయలు అనుకుందాం, నాలుగింటికి 2,000. ఒక్కో షర్టుకు రంగు, కూలీ కలిపి 30 అనుకుందాం. ఫిల్మ్ అచ్చు ఒక్కోదానికి 60 అనుకుందాం. 10 షర్టుల ఆర్డరైతే మనకు షర్టుకు 230 పడుతది, మిషన్‌కు 60. 200 షర్టులైతే మనకు 40, మిషన్‌కు 60నే. ఈ ధరలకు 67 షర్టుల కాడ రెండూ సమానమైతయి. అంటే కాలేజీ ఆర్డరుకు స్క్రీన్ మంచిది, ఒక ఇంటి పుట్టిన రోజుకు మిషన్ మంచిది.

ఇంకొకటి ఎవ్వరూ చెప్పనిది. మిషన్‌ల తెల్ల రంగు బరువు, అడుగుకు దిగుతది. రోజూ నడిపించకపోతే సన్నటి రంధ్రాలు మూసుకపోతయి, ఆ భాగం మార్చాలంటే చాలా ఖర్చు. మనకు పని బతుకమ్మకు ముందు, వినాయక చవితికి ముందు, సంక్రాంతికి కొంచెం. మిగిలిన నెలల్ల మిషన్ ఊకె కూసుంటే వాయిదా మాత్రం కూసోదు. స్క్రీన్‌ను కడిగి అటక మీద పెడితే వచ్చే ఏడు దాక అట్లనే ఉంటది.

అయితే పెద్దోళ్ల మాటను కూడా నేను పూర్తిగ ఒప్పుకోను. చేతి పని కాబట్టి నిలబడుతది అనడం చరిత్ర తెల్వక అనే మాట. పెడన చెక్క అచ్చుల పని మీద దెబ్బ కొట్టిన వాటిల్ల మన స్క్రీన్ కూడా ఉన్నది. కలంకారీ బొమ్మలనే స్క్రీన్ మీద చకచక వేసి, తక్కువకు, కలంకారీ అనే పేరుతోనే అమ్మినోళ్లు ఉన్నరు, ఇప్పటికీ అమ్ముతున్నరు. చెక్క అచ్చుకు రోలర్, స్క్రీన్ చేసింది రేపు స్క్రీన్‌కు ఫిల్మ్ చేయొచ్చు. పోయిన ఏడు మా బొమ్మనే ఒక వ్యాపారి ఫోన్‌ల ఫొటో తీసుకపోయి మిషన్ మీద వేసి అమ్మిండు. పెద్దమ్మ చెప్పిన వరుసలే, మా పిల్ల గీసిన గుమ్మడి పువ్వే. అక్షరాలు మాత్రం మార్చిండు.

నా ప్రతిపాదన ఇది, సభ్యులు చర్చించాలె. ఈ ఏడు మిషన్‌కు అప్పు వద్దు. 60 లోపు ఆర్డర్లు వస్తే పట్నంల ఫిల్మ్ వేసే షాపుల వేయించి, వేడి ప్రెస్ ఒక్కటి మనం కొనుక్కొని మనమే అతికిద్దాం. ఆ ప్రెస్ మన స్క్రీన్ రంగు ఆరబెట్టడానికి కూడా పనికొస్తది. పెద్ద ఆర్డర్లు స్క్రీన్ మీదనే. దాంతో పాటు బొమ్మలు గీసే పిల్లలు ఇద్దరికి కంప్యూటర్ డిజైన్ నేర్పించే ఖర్చు సమాఖ్య పెట్టుకోవాలె. బొమ్మ మనదైతే దాన్ని చెక్క మీద వేసినా, గుడ్డ మీద వేసినా, ఫిల్మ్ మీద వేసినా కూలీ మనకు వస్తది. ప్రతి బొమ్మ గీసిన తారీఖు, గీసినామె పేరు సంఘం మినిట్స్ పుస్తకంల రాసి సంతకాలు పెట్టుడు మేము పోయిన నెల నుంచే మొదలుపెట్టినం.

టీ షర్టు వేసుకోని పెద్దోళ్ల కోసం అదే నాలుగు స్క్రీన్లతోటి గుడ్డ సంచులు కూడా వేస్తున్నం. మా అత్తమ్మ షర్టు ముట్టదు గానీ ఆ సంచి పట్టుకొనే సద్దుల నాడు చెరువు కట్టకు పోయింది. ఈ సారి అమావాస్యకు 40 రోజుల ముందు ఆర్డర్లు తీసుకునుడు ఆపుతం. కావాల్సిన సంఘాలు సైజుల పట్టిక రాసి ముందుగ పంపగలరు.